ఇంటి కింద టీసీఈ ఉందంటే కొనొచ్చా? నీళ్ళ కంటే ముందు గాలి గురించి అడగండి

నమస్తే బ్రదర్. మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో టౌన్‌హౌస్‌కి మీ ఆఫర్ ఒప్పుకున్నారు, డిస్‌క్లోజర్ కాగితాలు చూస్తే ఇల్లు మిడిల్‌ఫీల్డ్-ఎల్లిస్-విస్మన్ సూపర్‌ఫండ్ (విష రసాయనాలు కారిన చోట్లని శుభ్రం చేయించే ప్రభుత్వ కార్యక్రమం) ఏరియాలో ఉందని, కింద భూగర్భ జలంలో ట్రైక్లోరోఎథిలీన్, అంటే టీసీఈ, ఉందని రాసి ఉంది, ఏజెంట్ ఏమో ట్యాప్ వాటర్ ఇక్కడి నేలలోది కాదు కాబట్టి భయం లేదంటున్నాడు, మీ మిసెస్‌కి రెండో నెల, కంటింజెన్సీ, అంటే డీల్ నుంచి వెనక్కి తగ్గగలిగే గడువు, ఇంకా పది రోజులే ఉంది. నలభై ఏళ్ళ నుంచి క్లీన్ చేస్తూ ఇంకా ఎందుకు అవ్వలేదు, ఇది మన పటాన్‌చెరు లాంటిదేనా, ఊరి నుంచి అమ్మగారు వచ్చి పెరట్లో గోంగూర వేస్తానంటున్నారు వేయొచ్చా, ఇవన్నీ కూడా అడిగారు. నేను ఇరవై ఏళ్ళకి పైగా ఇలాంటి సైట్లలో భూగర్భ జలాల పనే చేస్తున్నాను, బోర్లు వేయించడం, శాంపిల్స్ తీయించడం, రిపోర్టులు రాయడం, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఏజెంట్ చెప్పింది నిజమే, కానీ సగం నిజం. మౌంటెన్ వ్యూకి వచ్చే నీళ్ళలో ఎక్కువ భాగం యోసెమిటీ వైపు హెచ్ హెచీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పైపుల్లో వచ్చేవి, మీ ఇంటి కింద ఉన్న పాడైన నీళ్ళు మీ కుళాయిలోకి రావు. మీరు ఆలోచించాల్సింది నీళ్ళ గురించి కాదు, ఇంట్లో గాలి గురించి. ఆ కింద నీళ్ళలోంచి టీసీఈ ఆవిరై మట్టి సందుల్లోంచి పైకొచ్చి ఇంటి అడుగున ఉన్న కాంక్రీట్ స్లాబ్ పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. దీన్నే వేపర్ ఇంట్రూజన్ అంటారు. ఇల్లు అమ్మేవాళ్ళ నోట ఈ మాట ఎక్కువగా రాదు, మనవాళ్ళు చాలామంది వినలేదు కూడా, వాటర్ ఫిల్టర్ పెట్టించేసి నిశ్చింతగా ఉంటారు.

అసలు ఇది అక్కడికి ఎలా వచ్చింది అంటే, టీసీఈ గ్రీజు వదిలించే సాల్వెంట్. రంగు ఉండదు, కొంచెం తియ్యటి వాసన, ఇట్టే ఆవిరైపోతుంది, ఏ జిడ్డునైనా కరిగిస్తుంది, నిప్పు అంటుకోవడం కష్టం, అందుకని ఫ్యాక్టరీల వాళ్ళకి ఎంతో ఇష్టంగా ఉండేది. ఒకప్పుడు ఆపరేషన్లలో మత్తు ఇవ్వడానికి, కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీయడానికి కూడా వాడారు. 1960, 70ల్లో ఈ సిలికాన్ వ్యాలీలో చిప్స్ చేసే కంపెనీలు, ఫెయిర్‌చైల్డ్, ఇంటెల్, రేథియాన్ లాంటివి, ఈ సాల్వెంట్లు వాడి మిగిలింది నేల కింద ట్యాంకుల్లో, సంపుల్లో పెట్టేవాళ్ళు. పక్కనే మోఫెట్ ఫీల్డ్ అనే ఎయిర్‌ఫీల్డ్‌లో నేవీ వాళ్ళు కూడా వాడారు. ఆ ట్యాంకులు, పైపులు కారాయి. పొగ గొట్టాలు లేవు కాబట్టి ఇది శుభ్రమైన ఇండస్ట్రీ అని అప్పట్లో అందరూ నమ్మారు, కారుతున్నది కంటికి కనపడలేదు. 1981లో సౌత్ శాన్ హోసేలో ఒక చిప్ ప్లాంట్ ట్యాంక్ కారి పక్కన ఉన్న తాగునీటి బోరులో సాల్వెంట్ దొరికాక గానీ కౌంటీ అంతా తవ్వి చూడటం మొదలవ్వలేదు. చూస్తే ఒకటి తర్వాత ఒకటి బయటపడ్డాయి. ఇప్పుడు శాంటా క్లారా కౌంటీలో 23 సూపర్‌ఫండ్ సైట్లు, అమెరికాలో ఏ కౌంటీలోనూ ఇన్ని లేవు. సన్నీవేల్, శాంటా క్లారా, కూపర్టినో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోట్లే. అందుకని ఇది వదిలేసి పక్క ఊళ్ళో కొంటే సమస్య ఉండదు అనుకోకండి, అక్కడ కూడా మ్యాప్ చూసుకోవాల్సిందే.

ఇక ఇది నేలలో ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతా అంతా మీకే అర్థమవుతుంది. పెట్రోల్, కిరసనాయిలు కారితే నీళ్ళ మీద తేలతాయి, అవి ఎక్కడున్నాయో పట్టుకోవడం కొంత తేలిక. టీసీఈ నీళ్ళ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, పైగా నీళ్ళ కంటే పల్చన. బరువు, పల్చన రెండూ ఉన్నాయంటే ఏ చిన్న సందు దొరికినా జారిపోతుంది, భూగర్భ జలం తగిలినా ఆగదు, అందులోంచి కూడా కిందకి దిగి ఎక్కడో ఒక బంకమట్టి పొర మీద చిన్న చిన్న మడుగుల్లా కూర్చుంటుంది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా నీళ్ళలో కరుగుతూ ఉంటుంది, దశాబ్దాల పాటు. ఎంత తక్కువ చాలో లెక్క చూడండి, తాగే నీళ్ళలో ఇక్కడ లిమిట్ లీటరుకి 5 మైక్రోగ్రాములు, అంటే 5 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 5 వంతులు). ఒక్క లీటరు టీసీఈ 1.46 కిలోలు ఉంటుంది, అది మొత్తం కరిగితే సుమారు 29 కోట్ల లీటర్ల నీళ్ళని ఆ లిమిట్ దాకా తీసుకెళ్తుంది. హైదరాబాద్‌లో మనింటికి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 58 వేలు అన్నమాట, ఒక్క లీటరుకి. అక్కడ కారింది లీటర్లు కాదు, డ్రమ్ముల కొద్దీ. ఎల్లిస్ స్ట్రీట్ దగ్గర మొదలైన ఆ కరిగిన నీళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కో బే వైపు ఉత్తరంగా పాకి మైలుకి పైగా వెళ్ళాయి, దాన్నే ప్లూమ్ అంటారు, మీ డిస్‌క్లోజర్‌లో మ్యాప్ మీద గీసిన గీత అదే.

ఆ చుట్టుపక్కల భూగర్భ జలం లోతు చాలా చోట్ల 20 అడుగుల లోపే. అక్కడి నుంచి టీసీఈ ఆవిరై పైకి వస్తుంది. ఇల్లు దాన్ని లాక్కుంటుంది కూడా, ఎలాగంటే చలికాలం హీటర్ వేస్తే వేడి గాలి పైకి పోతుంది, కింద చిన్న వాక్యూమ్ లాంటిది ఏర్పడుతుంది, స్లాబ్‌లో పైపులు దిగిన చోట్ల, పగుళ్ళ చోట్ల మట్టిలో గాలి లోపలికి వచ్చేస్తుంది. ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు, సీవర్ లైన్లు. ప్లూమ్‌లోంచి వెళ్ళే పాత సీవర్ పైపుల్లోకి ఈ ఆవిరి చేరి, ఎప్పుడూ వాడని గెస్ట్ బాత్రూమ్ డ్రెయిన్‌లో ట్రాప్ (పైపు వంపులో నిలిచే నీళ్ళు) ఎండిపోతే అందులోంచి పైకి వస్తుంది. వారానికోసారి ఆ డ్రెయిన్‌లో ఒక చెంబుడు నీళ్ళు పోస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఆఫీసు బిల్డింగుల్లో అయితే వెంటిలేషన్ గట్టిగా నడుస్తూ లోపల ప్రెషర్ ఎక్కువ ఉంటే ఆవిరి రాదు. 2012 చివర్లో ఇదే ఏరియాలో గూగుల్ వాడుతున్న రెండు బిల్డింగుల్లో వెంటిలేషన్ పని జరుగుతుండగా లోపల టీసీఈ లిమిట్ దాటింది, పేపర్లలో కూడా వచ్చింది. నేల మారలేదు, నీళ్ళు మారలేదు, గాలి ఆడటం ఒక్కటే మారింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఒకసారి టెస్ట్ చేసి బాగుందంటే ఎప్పటికీ బాగున్నట్టు కాదు. నేను చేసిన ఒక ఇంట్లో సెప్టెంబర్‌లో ఏమీ కనపడలేదు, కిటికీలు తీసుకుని ఉండేవాళ్ళు, జనవరిలో మళ్ళీ పెడితే లిమిట్ దాటింది. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వాళ్ళకి ఫోన్ చేసి చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆరోగ్యం సంగతి. టీసీఈ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) 2011లో తేల్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో మొదటి గ్రూపులో పెట్టింది. కిడ్నీ క్యాన్సర్‌కి ఆధారాలు బలంగా ఉన్నాయి, లివర్, లింఫోమా కూడా ఉన్నాయి. నార్త్ కరోలినాలో క్యాంప్ లెజ్యూన్ అనే మిలిటరీ బేస్‌లో 1950ల నుంచి 1980ల దాకా ఇలా పాడైన నీళ్ళు తాగారు, అక్కడ పనిచేసిన సైనికుల్లో పార్కిన్సన్స్ 70 శాతం ఎక్కువ అని 2023లో ఒక పెద్ద స్టడీ వచ్చింది. ఈ రోగాలన్నీ ఏళ్ళ తరబడి పీల్చినా తాగినా వచ్చేవి. మీ విషయంలో నేను పట్టుబట్టేది వేరే దానికి. గర్భంలో మొదటి నెలల్లో, బిడ్డ గుండె తయారయ్యే వారాల్లో, టీసీఈ కొద్ది రోజులు పీల్చినా గుండె లోపాలు రావచ్చని ఈపీఏ భయం. దీని మీద సైంటిస్టుల్లో వాదన ఉంది, ఎలుకల మీద చేసిన స్టడీల ఆధారంగా వచ్చిన మాట, కొంతమంది ఒప్పుకోరు. వాదన తేలే దాకా బిడ్డ ఆగదు కదా, అందుకే నేను జాగ్రత్త వైపే ఉంటాను. ఇక్కడి ఈపీఏ ఆఫీసు 2014లో ఇళ్ళలో గాలికి లిమిట్లు పెట్టింది: క్యూబిక్ మీటర్ గాలికి 2 మైక్రోగ్రాములు దాటితే కొద్ది వారాల్లో ఏదో ఒకటి చేయాలి, 6 దాటితే కొద్ది రోజుల్లోనే. మీరు పట్టుకోవాల్సిన నంబర్ ఆ 2.

ఈ పది రోజుల్లో ఏం చేయాలంటే, ఈ రోజే సెల్లర్‌ని, హెచ్‌ఓఏని (ఇళ్ళ ఓనర్ల సంఘాన్ని) రాతపూర్వకంగా అడగండి, ఈ యూనిట్‌లో గానీ పక్క యూనిట్లలో గానీ ఇండోర్ ఎయిర్ టెస్ట్ ఎప్పుడు చేశారు, ఏ నెలలో చేశారు, నంబర్ ఎంత, స్లాబ్ కింద వేపర్ బ్యారియర్ (ఆవిరి పైకి రాకుండా వేసే షీటు) ఉందా, పైపులు పెట్టి ఫ్యాన్‌తో గాలి లాగే సిస్టమ్ ఉందా, దాన్ని ఎవరు మెయింటెయిన్ చేస్తున్నారు, చివరి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఏది. "అంతా సేఫ్" అనే జవాబు జవాబు కాదు, కాగితం కావాలి. ఈపీఏ వెబ్‌సైట్‌లో ఈ సైట్ పేజీ ఉంటుంది, ప్రతి అయిదేళ్ళకీ ఒక రివ్యూ రిపోర్ట్ రాయాలని చట్టంలోనే ఉంది, అందులో ప్లూమ్ మ్యాప్ తీసి మీ వీధి ఎక్కడ పడుతుందో చూడండి, అంచులోనా మధ్యలోనా అని. స్టేట్ వాళ్ళ వెబ్‌సైట్లు జియోట్రాకర్, ఎన్విరోస్టోర్ కూడా చూడండి, పక్కన ఏదైనా పాత డ్రైక్లీనర్ ఉంటే అందులో దొరుకుతుంది, దాని సాల్వెంట్ వేరు, పీసీఈ, అది కూడా ఇలాగే ఆవిరై వస్తుంది.

సైట్ పేజీలో ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్ నంబర్ ఉంటుంది, మొహమాటపడకుండా ఫోన్ చేయండి, మిసెస్ ప్రెగ్నెంట్ అని చెప్పండి, వాళ్ళు దీన్ని సీరియస్‌గా తీసుకుంటారు. కారణమైన కంపెనీల ఖర్చుతో ఇళ్ళలో ఫ్రీగా టెస్ట్ చేసే ఏర్పాటు ఇలాంటి ఏరియాల్లో ఉంటుంది, మీ వీధికి ఉందో లేదో అడగండి. లేకపోతే సొంత డబ్బుతో అయినా చేయించండి, ఇంటి ధరలో అది ఒక లెక్క కాదు. స్టీల్ క్యానిస్టర్ పెట్టి 24 గంటల శాంపిల్ తీస్తారు, కిటికీలు మూసి, అదే రోజు బయట గాలి శాంపిల్ కూడా తీయమనండి, అప్పుడే లోపలికి ఎంత వస్తోందో తేడా తెలుస్తుంది. టెస్ట్‌కి ముందు ఇంట్లో స్పాట్ రిమూవర్లు, గ్రీజు క్లీనర్లు, జిగురు డబ్బాలు బయట పెట్టించండి, కొన్నిట్లో టీసీఈయే ఉంటుంది, తప్పు నంబర్ వస్తుంది. వేసవి అయితే ఆ ఒక్క నంబర్‌తో తృప్తిపడొద్దు, స్లాబ్‌కి చిన్న రంధ్రం చేసి కింద మట్టి గాలి కూడా తీయమనండి. కింద ఉన్నదాంట్లో వందకి 3 వంతులు లోపలికి రావచ్చని ఈపీఏ లెక్క, కాస్త ఎక్కువ జాగ్రత్తతో వేసిన లెక్కే. కింద వెయ్యి మైక్రోగ్రాములు ఉంటే లోపల 30 దాకా రావచ్చు, అలాంటప్పుడు లోపల ఈ రోజు సున్నా వచ్చినా నేను నమ్మను.

ఫ్యాన్ సిస్టమ్ ఉన్న ఇల్లయితే నాకు ధైర్యం ఎక్కువ. స్లాబ్ కింద నుంచి పీవీసీ పైపు పైకప్పు దాకా వెళ్తుంది, దానికో ఫ్యాన్, ఇంతే, రాడాన్ గ్యాస్‌కి పెట్టేది కూడా ఇదే. పైపు మీద యూ ఆకారంలో రంగు నూనె ఉన్న చిన్న గాజు గొట్టం ఉంటుంది, రెండు వైపులా నూనె ఒకే ఎత్తులో ఉంటే ఫ్యాన్ పనిచేయట్లేదని, తేడా ఉంటే లాగుతోందని. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు అది చూసి రండి. బజార్లో దొరికే హెపా ప్యూరిఫైయర్లు దుమ్ము పడతాయి గానీ ఈ ఆవిరిని పట్టవు, బొగ్గు ఎక్కువగా ఉన్న యాక్టివేటెడ్ కార్బన్ యూనిట్ అయితే పడుతుంది, అది కూడా తాత్కాలికమే.

నలభై ఏళ్ళయినా ఎందుకు అవ్వలేదన్నారు. ఈ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పమంటే బంకమట్టి అంటాను. ఇక్కడ నేల ఒక పొర ఇసుక, ఒక పొర బంకమట్టి అలా ఉంటుంది. నీళ్ళు ఇసుకలో నడుస్తాయి, కానీ ఇరవై ముప్పై ఏళ్ళు టీసీఈ పక్కనే ఉంటే అది మెల్లగా బంకమట్టిలోకి ఇంకుతుంది. 1980ల నుంచి బోర్లు వేసి నీళ్ళు తోడి, గాలి కొట్టి, కార్బన్‌లోంచి పంపి శుభ్రం చేశారు, కొన్ని ఫ్యాక్టరీ స్థలాల చుట్టూ నేలలో గోడలు కూడా కట్టారు, మొదట్లో బాగా తగ్గింది కూడా. తర్వాత ఇసుకలో నీళ్ళు శుభ్రమయ్యే కొద్దీ బంకమట్టిలో దాగింది వెనక్కి బయటికి రావడం మొదలైంది. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎన్నిసార్లు కడిగినా మర్నాడు మూత తీస్తే మళ్ళీ వాసన వస్తుంది చూడండి, అదే పని. పంపు ఆపగానే నంబర్ మళ్ళీ ఎక్కుతుంది. 1989లో ఈ సైట్‌కి నిర్ణయం రాసినప్పుడు పై పొర నీళ్ళని 5 పీపీబీకి తేవాలని పెట్టుకున్నారు. తోడటం ఒక్కటే నమ్ముకుంటే అక్కడికి చేరడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు. ఇంట్లోకి వచ్చే ఆవిరి సంగతి ఆ నిర్ణయంలో చేర్చింది 2010లో, అంటే 21 ఏళ్ళ తర్వాత. ఈ ఆలస్యం నాకు బాధగా ఉంటుంది, ఆ మధ్యలో అక్కడ ఎంతమంది పిల్లలు పుట్టి పెరిగారో.

తోడటం కాకుండా వేరే దారులూ వచ్చాయి. నాకు అన్నిటికంటే నచ్చేది బ్యాక్టీరియా పద్ధతి. డీహాలోకోకాయిడ్స్ అని ఒక బ్యాక్టీరియా, ఆక్సిజన్ లేని చోట ఈ క్లోరిన్ ఉన్న రసాయనాలతోనే అది ఊపిరి తీసుకుంటుంది. బోర్లలోంచి వెజిటబుల్ ఆయిల్, మొలాసిస్ లాంటివి పంపిస్తే మిగతా సూక్ష్మజీవులు అవి తిని ఆక్సిజన్ అయిపోగొడతాయి, హైడ్రోజన్ పుడుతుంది, దాంతో ఇది టీసీఈలో క్లోరిన్లు ఒక్కోటి పీకేస్తుంది, చివరికి ఇథిలీన్ మిగులుతుంది, పళ్ళు మగ్గేటప్పుడు వచ్చే గ్యాస్ అదే, హాని లేదు. కానీ మధ్యలో వినైల్ క్లోరైడ్ మెట్టు ఉంది, అది టీసీఈ కంటే చెడ్డది, తాగే నీళ్ళలో దాని లిమిట్ అమెరికా మొత్తానికి 2 పీపీబీ, కాలిఫోర్నియాలో 0.5. బ్యాక్టీరియా సరిపోకపోతే అక్కడే ఆగిపోతుంది. అందుకే రిపోర్ట్‌లో "టీసీఈ 90 శాతం తగ్గింది" అని చూస్తే నేను వెంటనే పక్క కాలమ్‌లో వినైల్ క్లోరైడ్ ఎంత ఉందో చూస్తాను. మీరూ చూడండి.

పొటాషియం పర్మాంగనేట్ కూడా వాడతారు, ఊళ్ళో బావుల్లో వేసే ఊదా రంగు పలుకులే, తగిలిన టీసీఈని కాల్చేస్తుంది, తగలని దాన్ని ఏమీ చేయదు, బంకమట్టిలోకి దిగదు. కరెంటుతో నేలని వేడి చేసి ఆవిరిని పైకి లాగే పద్ధతి బంకమట్టిలో కూడా పనిచేస్తుంది, టీసీఈ నీళ్ళతో కలిసి ఉంటే 73 డిగ్రీలకే మరుగుతుంది, ఖర్చు మాత్రం విపరీతం. ఇనుప రజను గోడ సంగతి మీకు దగ్గరదే, నేలలో కందకం తీసి ఇనుప రజను నింపితే అందులోంచి వెళ్ళే నీళ్ళలో టీసీఈ విరిగిపోతుంది, కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ వాళ్ళు కనిపెట్టారు, కమర్షియల్‌గా మొదట పెట్టింది మీ పక్కన సన్నీవేల్‌లోనే, 1994-95 ప్రాంతంలో. పంపు లేదు, కరెంటు లేదు.

పటాన్‌చెరు లాంటిదేనా అన్నారు. నేను హైదరాబాద్‌లోనే చదువుకున్నాను, ఆ నక్కవాగు నీళ్ళ రంగు చూశాను కాబట్టి చెప్తున్నా, కొంత అవును, చాలావరకు కాదు. అక్కడ మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు వాగుల్లోకి, చెరువుల్లోకి పైనుంచే వచ్చాయి, కంటికి కనపడ్డాయి, 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్ళింది, 2007లో స్వీడన్ రీసెర్చర్లు అక్కడి కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్ళలో యాంటీబయాటిక్స్ విపరీతంగా ఉన్నాయని చూపించారు. కింద నేల కూడా వేరు, మనది రాతి నేల, పైన కొంత మెత్తబడిన రాయి, దాని కింద గ్రానైట్‌లో పగుళ్ళు, నీళ్ళు ఆ పగుళ్ళ వెంబడి పోతాయి. అందుకే ఒక బోరులో చెడు నీళ్ళు, యాభై గజాల్లో పక్క బోరులో మంచి నీళ్ళు వస్తాయి, ప్లూమ్ మ్యాప్ గీయడమే కష్టం. పెద్ద తేడా ఏంటంటే అక్కడ జనం ఆ బోరు నీళ్ళే తాగారు, వాడారు. మీ వాళ్ళకి ఆ వైపు ప్లాట్ ఉంటే బోరు నీళ్ళని మామూలు టీడీఎస్ మీటర్‌తో చూసి బాగున్నాయనుకోవద్దని చెప్పండి, ఆ మీటర్ ఉప్పుని చూస్తుంది, సాల్వెంట్‌ని చూడదు. వీఓసీ టెస్ట్ (ఇలా ఇట్టే ఆవిరయ్యే రసాయనాల టెస్ట్) అని అడిగి ల్యాబ్‌లో చేయించాలి, అది కూడా సీసాలో గాలి బుడగ లేకుండా నిండుగా పట్టి, లేకపోతే ల్యాబ్‌కి చేరేలోపే ఎగిరిపోతుంది.

అమ్మగారి గోంగూర వేసుకోమనండి. ట్యాప్ నీళ్ళు పోస్తారు, వేర్లు పైపైనే ఉంటాయి, ఒకవేళ మొక్క కొంచెం లాక్కున్నా ఆకుల్లోంచి గాలిలోకి పోతుంది. పాత ఫ్యాక్టరీ స్థలంలో కట్టిన ఇళ్ళయితే మట్టిలో వేరే లోహాలు ఉండొచ్చు కాబట్టి చెక్క పెట్టెలో కొత్త మట్టి పోసి వేస్తే ఇంకా మంచిది. పెరట్లో బోరు మాత్రం వేయకూడదు, స్లాబ్‌ని అడగకుండా పగలగొట్టకూడదు.

కొనాలా వద్దా అంటే, నా చెల్లెలు అడిగితే ఏం చెప్తానో అదే చెప్తున్నా. బ్యారియర్, ఫ్యాన్ ఉండి, చలికాలం నంబర్ 2 కంటే బాగా కింద ఉన్న కాగితం చేతికొస్తే కొనమంటాను, భయం లేదు, టెస్ట్ చేయని మామూలు ఇంటి కంటే ఆ ఇల్లే నయం. కాగితం లేదు, టెస్ట్ చేయనివ్వం అంటే వదిలేయమంటాను, ఎంత తక్కువకి ఇచ్చినా సరే. మధ్యలో ఉంటే, అంటే టెస్ట్ అవ్వలేదు కానీ ఒప్పుకుంటారు అంటే, కంటింజెన్సీ పొడిగించమనండి, ఒప్పందంలో ఆ మాట రాయించండి. కొన్నా కూడా డెలివరీ అయ్యేదాకా ఇప్పుడున్న అద్దె ఇంట్లోనే ఉండగలిగితే ఉండండి, ఫ్యాన్ పెట్టించి మళ్ళీ టెస్ట్ చేసుకుని వెళ్ళొచ్చు. ఒకటి రెండు గంటలు ఇల్లు చూడ్డానికి వెళ్ళారని మీ మిసెస్ కంగారు పడక్కర్లేదు, బ్లడ్ టెస్ట్ కూడా అక్కర్లేదు, టీసీఈ ఒంట్లోంచి రోజుల్లోనే పోతుంది, ఆ టెస్ట్‌తో తెలిసేది ఏమీ ఉండదు.

టెస్ట్ రిజల్ట్ వచ్చాక నంబర్‌తో పాటు యూనిట్ కూడా చూడండి, ఇక్కడ చాలామంది పొరబడతారు. కొన్ని ల్యాబులు గాలి రిజల్ట్‌ని పీపీబీలో ఇస్తాయి, గాలిలో 1 పీపీబీ టీసీఈ అంటే క్యూబిక్ మీటర్‌కి దాదాపు 5.4 మైక్రోగ్రాములు, నీళ్ళ పీపీబీ లెక్క దీనికి పనికిరాదు. కాగితం మీద "1" అని కనిపిస్తే 2 కంటే తక్కువే కదా అనుకుంటారు, నిజానికి అది 2కి దాదాపు 2.7 రెట్లు. అనుమానం ఉంటే ఆ పేజీ ఫోటో తీసి పెట్టండి, నేను చూసి చెప్తాను.